డౌన్‌లోడ్ల సంఖ్య ప్రజాభిప్రాయం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. కొద్ది రోజుల కిందట ఈ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, మళ్లీ మహమ్మారి వస్తే ఆరోగ్య సేతు వంటి యాప్‌ను, అంటే పక్కపక్కన ఉన్న ఫోన్లను బ్లూటూత్‌తో గుర్తుపెట్టుకుని, కరోనా సోకినవారి దగ్గరకు ఎవరు వెళ్లారో చెప్పే యాప్‌ను, మొదటి రోజు నుంచే అందరికీ తప్పనిసరి చేయాలనీ, కరోనా కాలంలో దాన్ని అనుమానించినవారు కేవలం అవగాహన లేక అలా చేశారనీ రాశారు. ఆ రెండేళ్లలో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు అలా అనిపించడంలో వింత లేదు. అయితే 2020లో గోదావరి తీరాన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉండి, ఏఎన్‌ఎంలతో, ఆశా కార్యకర్తలతో కలిసి గడపగడపకూ తిరిగి, పాజిటివ్ వచ్చిన మనిషి ఎవరెవరిని కలిశాడో రాసుకున్నదాన్ని నేను. జనం మనసులో అప్పుడు ఏముందో ఆయన చెప్పినదానికీ, నేను చెవులారా విన్నదానికీ పొంతన లేదు కాబట్టే ఈ ఉత్తరం.

ముందుగా అందరూ చూపించే అంకె సంగతి. 2020 ఏప్రిల్ 2న విడుదలైన ఆరోగ్య సేతును పదమూడు రోజుల్లో 5 కోట్ల మంది, మే నెల మధ్యకల్లా 10 కోట్ల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ప్రజామోదానికి ఇంతకన్నా రుజువేం కావాలని ఇప్పటికీ వాదించేవారున్నారు. ఏప్రిల్ 14 ప్రసంగంలో ప్రధాని కోరిన మీదట ఇష్టంగా వేసుకున్నవారు చాలామంది ఉన్నారు, కాదనను. నేనూ అలా వేసుకున్నదాన్నే. కానీ ఏప్రిల్ 29న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, మే 1 నాటి హోంశాఖ ఉత్తర్వుతో ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ అది తప్పనిసరి అయింది. సిబ్బందిలో నూటికి నూరు మంది చేత వేయించే బాధ్యత సంస్థ అధిపతిదేనని ఆ ఉత్తర్వు చెప్పింది. మే 12న మొదలైన ప్రత్యేక రైళ్ల ప్రయాణికులకు రైల్వే శాఖ అదే షరతు పెట్టింది. నోయిడా పోలీసులైతే, స్మార్ట్‌ఫోన్ ఉండి యాప్ లేకుండా బయట కనిపిస్తే అధికారుల ఆదేశం ధిక్కరించారంటూ శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద కేసు పెడతామన్నారు. మే 17న వచ్చిన తర్వాతి ఉత్తర్వు ‘వీలైనంత మేరకు’ వేయించండని మెత్తబడింది గాని, గేటు దగ్గర నిలబడే కాపలాదారు దాకా ఆ మెత్తదనం రాలేదు. జీతం కోసం వేసుకున్న యాప్‌నూ, నమ్మి వేసుకున్న యాప్‌నూ ఒకే గంపలో వేసి లెక్కపెడితే వచ్చే 10 కోట్లలో అభిప్రాయం పాలు ఎంతో ఎవరు చెప్పగలరు?

ఆ గేటు ఎలా ఉండేదో నేను చూశాను. మా పరిధిలో ఒక జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉండేది, పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. లాక్‌డౌన్ సడలించి పని మొదలుపెట్టాక, జ్వరాలు చూడడానికి థర్మల్ గన్ పట్టుకుని పొద్దున్నే అక్కడికి వెళ్లాను. కాపలాదారు ఒక్కొక్కరి ఫోన్ అడిగి, ముప్పు లేదని యాప్ చూపే పచ్చరంగు తెర కనిపిస్తే లోపలికి పంపుతున్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లలో సగానికి పైగా చేతిలో బటన్ ఫోన్లు. కొందరికి అదీ లేదు. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి అతను నోటు పుస్తకం తీసి, పేరుకు ఎదురుగా ‘యాప్ ఉంది’ అని రాసుకుంటూ పోయాడు. ఇదేమిటయ్యా అంటే, “నూటికి నూరు చూపించాలంటండీ, లేకపోతే ఫ్యాక్టరీ మూసేస్తారంట” అన్నాడు. అతని తప్పేమీ లేదు. లోపలికి వెళ్లిన కుర్రాళ్లు ఇద్దరు మా ఎదుటే బ్లూటూత్ ఆపేశారు, బ్యాటరీ దిగిపోతుందని. బ్లూటూత్ ఆగిపోతే పక్కన ఎవరున్నారో ఆ యాప్‌కు తెలిసే దారే లేదు. ఆ రోజు ఆ ఫ్యాక్టరీ లెక్కల్లో మాత్రం నూటికి నూరే.

జనం యాప్ గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. గోప్యత అనే మాట మా ఊళ్లలో ఎవరి నోటా వినలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే, మేం కాగితం తీసినప్పుడూ అదే, ఫోన్‌లో యాప్ వేయించమన్నప్పుడూ అదే: “చెబితే వాళ్లనీ బస్సెక్కిస్తారా అమ్మగారూ?” బస్సంటే క్వారంటైన్ కేంద్రానికి తీసుకెళ్లే బస్సు. ఆ బస్సు వీధిలోకి వచ్చిందంటే, ముఖాలకు మాస్కులు కట్టుకుని అరుగుల మీద నిలబడి చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు; ఇంటికి అడ్డంగా కర్రలు కడతారు; తిరిగొచ్చాక కూడా ఆ ఇంటి పిల్లలను ఎవరూ దగ్గరికి రానివ్వరు. నిజం చెబితే తమకు, తాము పేరు చెప్పిన మనిషికి ఏమవుతుందన్నదే వాళ్ల ప్రశ్న. చదువుకున్నవాళ్లు ఇంగ్లిషు పత్రికల్లో సమాచార గోప్యత అని రాసిన దాని అసలు రూపం ఇదేనని నాకు తర్వాత తట్టింది. తన గురించిన సమాచారం ఎవరి చేతికి పోతుంది, దానితో వాళ్లు ఏం చేస్తారు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి అన్నదే గదా ఆ పెద్ద మాటకు అర్థం.

పాలు పోసే ఒకాయన సంగతి చెబుతాను, ఊరి పేరు అవసరం లేదు. జూన్ నెలలో ఆయనకు పాజిటివ్ వచ్చింది. ఎవరెవరిని కలిశావు నాయనా అంటే భార్య, కొడుకు, అంతే అన్నాడు. పొద్దున ముప్పై ఇళ్లకు పాలు పోసే మనిషి! పేర్లు బయటపెడితే ఆ ఇళ్లన్నీ పాలు మానేస్తాయి, నెల చివర బాకీలు కూడా రావు. మొదటిసారి పెదవి విప్పలేదు, రెండోసారీ అంతే. మూడోసారి సాయంత్రం మా ఆశా కార్యకర్త ఒక్కత్తే వెళ్లి, ఆ రెండు వారాలూ బావమరిది పాలు తీసుకెళ్లి పాలకేంద్రంలో పోసేలా కేంద్రం వాళ్లతో మాట్లాడి వచ్చింది. ఆ మాట అయ్యాకే ఒక్కో ఇంటి పేరూ, ఏ ఇంట్లో గుమ్మంలో నిలబడి పోశాడో, ఏ ఇంట్లో లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాడో కూడా విడమరిచి చెప్పాడు. మాకు కావలసింది ఆ తేడాయే. ఫోన్ సంగతి అడిగితే, పాలు పోయడానికి వెళ్లేటప్పుడు తడుస్తుందని ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి వెళతానన్నాడు. యాప్‌ను అడిగి ఉంటే, ఆయన ఆ పదిహేను రోజులూ గోడతో తప్ప ఎవరితోనూ తిరగలేదని చెప్పేది.

యాప్ పనికిరాదని నేను అనడం లేదు. రైలు పెట్టెలోనో సినిమాహాల్లోనో పేరు తెలియని మనిషి పక్కన గంటసేపు కూర్చుంటే, ఆ సంగతి ఏ ఆశా కార్యకర్తకూ దొరకదు, ఫోన్‌కు దొరకవచ్చు. కాకపోతే బ్లూటూత్ కొలిచేది సంకేతపు బలాన్నే గాని దూరాన్ని కాదు. అపార్ట్‌మెంట్‌లో గోడకు అవతలి వాటాలో ఉన్న మనిషి దగ్గరివాడిలా కనిపిస్తాడు, వెనక జేబులో ఫోన్ పెట్టుకున్న ఎదుటి మనిషి దూరంగా ఉన్నట్టు తేలుతాడు. ఒక ఫోన్‌ను ఇంట్లో నలుగురు వాడుకునే మన ఊళ్లలో, ఆ పచ్చరంగు ఎవరిదో కూడా తెలియదు. బటన్ ఫోన్లవారి కోసం 1921 నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు మే మొదటి వారంలో వచ్చింది. లక్షణాలు అడిగి తెలుసుకోవడానికి అది మంచిదే గాని, ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పేది కాదు.

ఇక నమ్మకం. మొదటి రోజు పేరు, వయసు, ఫోన్ నంబరు, వృత్తి, గత నెల రోజుల్లో వెళ్లొచ్చిన దేశాలు అన్నీ ఇవ్వాలని అడిగిన యాప్‌కు, సమాచారం ఎవరు చూడాలో, ఎప్పుడు చెరపాలో చెప్పే ప్రత్యేక నియమావళి మే 11న గాని రాలేదు. అంటే దాదాపు 10 కోట్ల మంది వేసుకున్నాక. అదీ పార్లమెంటు చేసిన చట్టం కాదు, అధికారుల సాధికార బృందం ఇచ్చిన ఉత్తర్వు. సాధారణంగా 180 రోజులు దాటాక సమాచారం చెరపాలన్న మంచి మాట అందులో ఉంది. ఆ మాట చట్టంలో ఉండి ఉంటే ఇంకా మంచిది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ముసాయిదా రాసిన కమిటీకి నాయకత్వం వహించిన జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ, చట్టం అండ లేకుండా యాప్‌ను తప్పనిసరి చేయడం పూర్తిగా చట్టవిరుద్ధమని ఆ మే నెలలోనే బాహాటంగా అన్నారు. ఆయనకూ అవగాహన లేదనుకోవాలా? గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు.

2020 అక్టోబరులో జరిగిన సంగతి ఇంకా విచిత్రం. ఆరోగ్య సేతును ఎవరు తయారు చేశారో చెప్పమని సమాచార హక్కు కింద అడిగితే, తమ దగ్గర ఆ వివరాలు లేవన్నట్టుగా సంబంధిత కార్యాలయాలు జవాబిచ్చాయి. కేంద్ర సమాచార కమిషన్ కోపగించి సంజాయిషీ అడిగాక, ప్రభుత్వం తేరుకుని, ప్రైవేటు రంగం, విద్యాసంస్థల సాయంతో సుమారు 21 రోజుల్లో దాన్ని తయారు చేశామని ప్రకటించింది. 21 రోజుల్లో అంత పని చేయడం మెచ్చుకోదగినదే. ఆ మెప్పు మొదటి రోజే దక్కేది, మొదటే చెప్పి ఉంటే. యాప్ కోడ్‌ను కూడా మే 26న బయటపెట్టారు. అదే పని ఏప్రిల్ 2నే చేసి ఉంటే సగం అనుమానాలు పుట్టేవే కావు. యాప్ లేదన్న కారణంతో ప్రభుత్వ సేవలు నిరాకరించరాదని, వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని వారి సమ్మతి లేకుండా ఇతరులకు ఇవ్వరాదని కర్ణాటక హైకోర్టు చెప్పేదాకా పోవలసిన అవసరమూ రాకపోవును.

మన ఒక్కరి తంటా కాదు ఇది. సింగపూర్‌లో ట్రేస్‌టుగెదర్ అనే యాప్ మనకన్నా ముందే, 2020 మార్చి 20న వచ్చింది. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న దేశం అది. ప్రభుత్వం మాటంటే జనానికి గురి. ఈ సమాచారం వ్యాధి సోకినవారి జాడ తీయడానికే తప్ప మరి దేనికీ వాడమని మంత్రులు చెప్పారు. 2021 జనవరిలో, నేర విచారణ కోసం పోలీసులు దాన్ని తీసుకోవచ్చని అక్కడి పార్లమెంటులోనే బయటపడింది. ఒక హత్య కేసులో అప్పటికే తీసుకున్నారు కూడా. గొడవ రేగి, ఫిబ్రవరిలో చట్టం తెచ్చి, ఏడు రకాల తీవ్ర నేరాలకు మాత్రమే పరిమితం చేశారు. హంతకుణ్ణి పట్టుకోవడం తప్పని ఎవరూ అనలేదు. చెప్పిందొకటి, చేసిందొకటి అన్నదే జనం బాధ.

ఆస్ట్రేలియా దానికి ఎదురు ఉదాహరణ. ఎవరినైనా యాప్ వేసుకోమని బలవంతపెడితే జైలు శిక్ష పడేలా 2020 మే నెలలోనే చట్టం చేసుకున్నారు. ఇంత పకడ్బందీ చట్టం ఉన్నా, 2.1 కోట్ల డాలర్లు ఖర్చయిన ఆ కోవిడ్‌సేఫ్ యాప్, మనుషులు తిరిగి కనిపెట్టలేకపోయిన కేసుల్లో పట్టిచ్చినవి రెండంటే రెండేనని 2022 ఆగస్టులో దాన్ని మూసేస్తూ అక్కడి ప్రభుత్వం చెప్పింది. కనుక చట్టం ఉంటే యాప్ దానంతటదే పనిచేస్తుందనీ నేను వాదించబోవడం లేదు.

నా వాదనకు దగ్గరగా ఉన్నది ఇంగ్లండ్, వేల్స్ దేశాల అనుభవం. పేరూ ఫోన్ నంబరూ అడగని, ఎవరు ఎవరిని కలిశారన్న వివరం ఫోన్‌లోనే ఉంచేసే యాప్‌ను వాళ్లు 2020 సెప్టెంబరు 24న తెచ్చారు. ఇష్టమైనవారే వేసుకున్నారు. జనాభాలో 28 శాతం, అంటే సుమారు 1.65 కోట్ల మంది క్రమం తప్పకుండా వాడినందుకే, ఆ ఏడాది చివరికల్లా కొన్ని లక్షల కేసులు తప్పాయని పరిశోధకులు అంచనా కట్టారు. అందరూ వేసుకుంటే తప్ప పనిచేయదు కాబట్టి బలవంతం తప్పదనే మన వాదన ఇక్కడే వీగిపోతుంది. కానీ అక్కడా ఒక తిరకాసు జరిగింది. ఇంట్లో ఉండమని ఆరోగ్య సిబ్బంది ఫోన్ చేసి చెబితే, పని పోగొట్టుకున్న పేదలకు 500 పౌండ్ల సాయం వచ్చేది. అదే మాట యాప్ చెబితే డిసెంబరు దాకా ఆ సాయం రాలేదు. యాప్ మాట విన్నవాడే నష్టపోయాడన్నమాట. 2021 జూలైలో ఒకే వారంలో 6 లక్షలకు పైగా హెచ్చరికలు మోగేసరికి, పని మానుకోలేని జనం యాప్‌ను తీసేయడం మొదలుపెట్టారు. మా పాలాయన రెండుసార్లు పెదవి విప్పకపోవడానికీ, ఎక్కడో ఇంగ్లండులో దుకాణంలో పనిచేసే మనిషి యాప్ తీసేయడానికీ కారణం ఒక్కటే.

మా వైపు తప్పులు దాచి యాప్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మనుషులు చేసే ట్రేసింగ్ అంత పవిత్రమైనదేమీ కాదు. 2020 జూలైలో మా ప్రాంతపు లైన్ లిస్టు, అంటే పాజిటివ్ వచ్చినవారి పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితం, ఎవరో ఫోటో తీయగా రాత్రికి రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మర్నాడు ఆ జాబితాలోని ఒక ఇంటికి వెళితే, ఆ ఇంటి కోడలు తలుపు పూర్తిగా తెరవకుండా, “మీకు చెప్పాం గదా, ఊరంతటికీ చెప్పుకున్నట్టే అయింది” అంది. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరినీ ఏమీ అడగలేకపోయాం. మార్చిలో కరీంనగర్‌లో తొలి కేసులు బయటపడ్డప్పుడు బృందాలు ఇంటింటికీ తిరిగి జాడ తీశాయని, కేరళలో రోగులు తిరిగిన చోట్లు చూపే రూట్ మ్యాపులు వేశారని విని మేమూ అలాగే చేయాలని ఉత్సాహపడినవాళ్లమే. ఒక్క ఫోటోతో ఆ వీధి మాకు మూసుకుపోయింది. ఎవరు తీశారో ఎవరూ విచారించలేదు, ఎవరికీ శిక్షా పడలేదు.

కాబట్టి తదుపరి మహమ్మారికి యాప్ కావాలా వద్దా అన్న చర్చ కంటే ముందు తేల్చవలసినవి ఉన్నాయి. యాప్ వేసుకోని మనిషిని పని నుంచి, ప్రయాణం నుంచి, రేషన్ నుంచి ఆపకూడదని చట్టంలో రాయాలి. సమాచారం బయటికి పొక్కించినవాడు అధికారైనా వాలంటీరైనా ప్రైవేటు కంపెనీ అయినా జవాబు చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది గదా అనవచ్చు. ప్రభుత్వం నోటిఫై చేసిన తన సంస్థలకే దాని నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులో ఉంది. మహమ్మారి వేళ సమాచారం సేకరించేది ముఖ్యంగా ఆ సంస్థలే.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఉండమన్న రోజులకు కూలి ఇవ్వాలి. క్వారంటైన్ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,000 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు ఇస్తారని తెలిశాక మాకు పేర్లు చెప్పడానికి కొందరు ముందుకు రావడం నేను చూశాను. 2,000 పెద్ద మొత్తమని కాదు. చెప్పినందుకు నష్టమే గాక ఏదో ఒకటి తిరిగి వస్తుందన్న భరోసా అది. యాభై ఇళ్లకు ఒక వాలంటీరు ఉన్న ఆ రోజుల్లో, ప్రతి ఇంటికీ ఎన్ని రోజుల పని పోయిందో లెక్క తీయడం కష్టమేమీ కాదు. లెక్క తీయమని ఎవరూ అడగలేదు, అంతే.

ఆరోగ్య సేతులో కాంటాక్ట్ ట్రేసింగ్ సదుపాయాన్ని నిలిపివేశామని, ఆ విధంగా సేకరించిన సమాచారాన్ని తొలగించామని 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. సంతోషం. మరి మేం రాసిన కాగితాల మాటేమిటి? రిటైరయ్యే రోజు నేను చార్జి అప్పగిస్తూ సంతకం చేసిన సామాను జాబితాలో, అట్టలు ఊడిపోయి తాడుతో కట్టిన పదకొండు పొడుగు రిజిస్టర్లు ఉన్నాయి. ఎవరికి ఏ రోజు జ్వరం వచ్చింది, ఎవరు ఎవరింటికి వెళ్లారు, పాలాయన ఏ ఇంట్లో మంచినీళ్లు తాగాడు, ఎవరి ఫోన్ నంబరు ఏమిటి, అంతా నా చేతిరాతతోనే ఉంది. వాటిని ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు తగలబెట్టాలో చెప్పే ఉత్తర్వు నా సర్వీసులో నాకు రాలేదు. నా స్థానంలోకి వచ్చినామె కూడా అదే అడిగింది, ఏం చేయమంటారని. బీరువా తాళం చెవి ఆమె చేతిలో పెట్టి వచ్చాను.

ఇట్లు,
విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
గోదావరి జిల్లా